చెట్టుపాలతో గీసిన గడియారం

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. మా మేనకోడలి మణికట్టు మీద పెరటి చెట్టు పాలతో గడియారం గీశాను. అది ఏ చెట్టో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నాకు ఇష్టం లేకపోయింది.

అప్పుడు నేను బందరు కాలేజీలో బి.ఎస్సీ. చదువుతున్నాను. పంతొమ్మిది వందల యాభైల చివరి రోజులు. మా ఊరు దివిసీమలో, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఉంటుంది. నాన్న పోయాక అమ్మ మిషను బళ్ళో పంతులమ్మగా పనిచేస్తూ, బడి వెనకాల పాత పెంకుటింట్లో ఉండేది. అంతకు ముందు ఆ ఇంట్లో ఒక దొరసాని గారు ఉండేవారు. ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ ఇల్లు బడికీ, పెరట్లో తాను నాటిన చెట్టు అమ్మకూ అప్పజెప్పి వెళ్ళారట.

ఆ చెట్టు ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ. బూడిదరంగు బెరడు, అరచేతికంటే పెద్ద గరుకాకులు. కాయలు చూస్తే మేడికాయలే. కాకపోతే మేడికి కాసినట్టు మాను మీద కాకుండా కొమ్మల చివర, ఆకుల మొదట్లో కాసేవి. ఏటా కాసేవి, ఏటా పండకుండానే పచ్చగా రాలిపోయేవి. ఊళ్ళో అందరూ దొరసాని మేడి అనేవారు. బైబిల్లోని అంజూరపు చెట్టు మీద మా గుడిలో ఎన్ని ప్రసంగాలు విన్నా, అంజూరం అంటే మాకు తెలిసింది బందరు కొట్లో తాడుకి గుచ్చి వేలాడదీసే ఎండు బిళ్ళలే. ఆ చెట్టు ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. నేను ఒక్కసారి పుస్తకంలో బొమ్మ చూశాను. అందులో ఆకు చేతివేళ్ళలా చీలి ఉంది. మా చెట్టు ఆకులో చీలిక లేదు. అంతే, మాది అంజూరం కాదు, మేడిలోనే ఏదో రకం అని నేను తీర్పు చెప్పేశాను.

వేసవి సెలవులకి ఇంటికి వచ్చాను. కాలేజీ తెరిచాక, ఎవరూ తేని కొమ్మ ఒకటి ఆరబెట్టి తీసుకెళ్ళి మా లెక్చరర్ గారి బల్ల మీద పెట్టాలని నా కోరిక. ఆ శనివారం మధ్యాహ్నం కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే అమ్మ అరుగు మీంచి కేకేసింది.

"ఒరేయ్, దాని పాలు మంచివి కావురా. దొరసాని గారు కొమ్మ కొట్టాలంటే చేతులకి గుడ్డ చుట్టుకునేవారు."

"దొరలకి అన్నీ భయాలేనమ్మా. మేడిపాలు మనం గవదబిళ్ళలకి రాసుకోమూ?"

"బి.ఎస్సీ. వాడివి, నాకంటే నీకే తెలుసులే," అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మేనకోడలు నా వెంటపడింది. దానికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. మా అక్క గుడివాడలో నిండు నెలలతో ఉంది. మొదటి కాన్పు కష్టమైందని ఈసారి ఆస్పత్రి ఉన్న ఊళ్ళోనే ఉండాలని బావ పట్టుబట్టాడు. పిల్లని మా దగ్గర వదిలారు. అప్పుడే అమ్మ నూతి దగ్గర స్నానం చేయించింది. తడి ఒంటితోనే వచ్చి నా పంచె పట్టుకుని లాగుతోంది.

"నాకేం ఇస్తావు మావయ్యా?"

"కదలకుండా నిలబడితే గడియారం ఇస్తాను."

ఆకు తుంచితే కాడ చివర పాలు బొట్టు కట్టాయి. దాన్నే కలంలా పట్టుకుని మణికట్టు చుట్టూ పట్టీ, మధ్యన గుండ్రం, గుండ్రంలో ముళ్ళు గీశాను. పిల్ల మురిసిపోయి చెయ్యి ఎండలోకి చాపి, ఎంతైందో చూసుకుంటూ నాకు చెప్పసాగింది. నేను పైకొమ్మలు నరుకుతుంటే పాలు దాని మొహం మీదా భుజాల మీదా చినికాయి. నాది పొడుగుచేతుల చొక్కా. నా అరచేతులకు అంటుకున్నాయి కానీ, నాకు ఏమీ కాలేదు.

సోమవారం పొద్దున లేచేసరికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. మణికట్టు చుట్టూ బొబ్బలు ఒకదానికొకటి కలిసి ఉబ్బాయి. బుగ్గ మీద, మెడ మీద, భుజాల మీద విడివిడిగా నీటి పొక్కులు.

ఆ ఏడు ఏటి పక్క ఊళ్ళలో మశూచి తిరుగుతోంది. రేవు దగ్గర తాటాకుల షెడ్డు వేసి, రోగం తగిలినవాళ్ళని అందులో పెడుతున్నారు. మా పిల్లకి టీకా పడలేదు. గుడివాడలో టీకాలు వేసిన రోజు దానికి దగ్గు, రొంప ఉన్నాయని అక్క వేయించలేదు.

నేనేమీ అనకముందే వాకిట్లో చేపల గంప దిగింది. మా వెనక వీధి అంతా సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబాలే. అందులో ఒకావిడ రోజూ మా ఇంటికే మొదటి బేరానికి వచ్చేది.

"పంతులమ్మగారో! సావళ్ళు తెచ్చానమ్మా. నీ కొడుకు బందరులో తినేది ఐసు చేప. ఇది చూడమను, వెండి పట్టీలాగా ఎట్టా మెరుస్తందో," అంటూ లోపలికి తొంగిచూసింది. చూసి ఆగిపోయింది. "ఇదేందమ్మా? అమ్మోరు పోసిందా?"

"ఏమోనమ్మా, నాకేం తోచట్లేదు."

"నాకు ఇంట్లో చంటిపిల్లోడు ఉన్నాడమ్మా," అంది ఆమె గొంతు తగ్గించి. గంప ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడిచింది.

అమ్మ నా వైపు తిరిగింది. "ఒరేయ్, నిజం చెప్పు. దీన్ని రేవు వైపు గానీ, ఎవరింటికైనా గానీ తీసుకెళ్ళావా? ఒంటికేమైనా తగిలిందా?"

"లేదమ్మా," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా కళ్ళు దాని మణికట్టు మీదే ఉన్నాయి. బొబ్బల మధ్య గుండ్రం ఇంకా ఆనవాలు పట్టగలిగేలా ఉంది. అది చూడగానే నాకు అర్థమైంది. కానీ అమ్మ వద్దన్న పని చేశానని చెప్పడానికి నోరు రాలేదు. పైగా బావ అంటే నాకు చిన్నప్పటినుంచీ జంకు. సాయంత్రానికి తగ్గిపోతే ఎవరికీ చెప్పక్కరలేదు కదా అనుకున్నాను. ఇలా రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి తగ్గలేదు. పిల్ల చెయ్యి గాలిలోకి ఎత్తి పట్టుకుని ఏడుస్తోంది.

"అమ్మమ్మా, గడియారం మండుతోంది. గడియారం తీసెయ్యి."

అమ్మ నుదురు పట్టుకుంది. "జ్వరం తలకెక్కిందిరా. పలవరిస్తోంది. ప్రభువా, పిల్లని కాపాడు," అని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

పిల్ల పలవరించడం లేదు. ఆ ఇంట్లో నిజం చెప్తున్నది అదొక్కతే. నేను అమ్మ పక్కనే మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని, నోరు మూసుకునే ఉన్నాను.

మర్నాడు పొద్దున హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు సైకిలు మీద వచ్చారు. వెనకాల ఒక ఎడ్లబండి, అందులో గడ్డి పరిచి ఉంది. పిల్లని రేవు షెడ్డుకి తీసుకెళ్ళడానికే అని ఆ గడ్డి చూడగానే తెలిసింది. పిల్లది మశూచి కాదు. కానీ ఆ షెడ్డులో పడుకోబెడితే నిజం మశూచి దానికి తప్పకుండా అంటుకుంటుంది. దాని ఒంట్లో టీకా కూడా లేదు. ఏమీ లేని పిల్లని నా చేతులతో నేనే తీసుకెళ్ళి ఆ రోగంలో పడేస్తున్నట్టు అనిపించింది.

"పంతులమ్మగారూ, చదువుకున్న మీరు కూడా ఇలా దాచిపెడితే ఎలా అండీ?" అంటూ ఆయన గుమ్మం దగ్గర ఆగి పిల్లని చూశారు. "పిల్లకి దుప్పటి కప్పండి. మీరు కూడా బండెక్కండి."

"మశూచి కాదండీ," అన్నాను. ఆయన బండి వైపు తిరిగారు. మళ్ళీ అన్నాను. "మశూచి కాదండీ. నేనే చేశాను. పెరట్లో చెట్టు పాలతో చేతి మీద గడియారం గీశాను. మొహం మీద పడింది కూడా ఆ పాలే."

అమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూసి, పిల్ల చేతి వైపు చూసి, "గడియారం," అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "నిన్న పొద్దున్నే అడిగాను కదరా," అంది.

ఇన్‌స్పెక్టరు గారు చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక కాయ కోసి విరిచి చూశారు. నవ్వారు కూడా.

"ఏమయ్యా, నువ్వు కాలేజీలో చదివేది ఇదేనా? మేడిపాలకి బొబ్బలు రావడమేమిటి? మా ఇంట్లో సెగ్గడ్డలేసినా, గవదలొచ్చినా ఇదే పట్టు వేస్తాం. షెడ్డు తప్పించుకోవడానికి ఒకాయన పొయ్యి మీద పాలు ఒలికాయన్నాడు, ఇంకొకాయన కందిరీగలు కుట్టాయన్నాడు. చెట్టుపాలు అన్నది నువ్వే మొదలు."

"ఇది మేడి కాదేమోనండీ."

"మరి ఏమిటి?"

మూడు రోజుల కిందట అయితే తడుముకోకుండా ఏదో ఒక పేరు చెప్పేవాణ్ణి. ఇప్పుడు దాని పేరు మీద ఒక పిల్ల ప్రాణం ఉంది. నేను కాయ రెండుగా చీల్చాను, ఆకు తిరగేశాను, కాడలు విరిచి చూశాను. నాకు తెలిసిన మేడి కాదని ఇప్పుడు కనబడుతోంది.

"తెలియదండీ," అన్నాను. "కానీ దీని పాలు నా చేతికి రాసుకుంటాను, ఎండలో నిలబడతాను. దానికి వచ్చినట్టే నాకూ వస్తాయి. ఎల్లుండి వచ్చి చూడండి. రాకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం."

"ఎల్లుండి దాకా ఊరి మధ్యలో ఉంచుకోమంటావా? ఊరంతా పాకితే నా మెడకి చుట్టుకుంటుంది."

దడి అవతల ఎప్పుడు వచ్చి నిలబడిందో, చేపలావిడ ఉంది. కబురు పంపింది తనేనని ఆమె దాచలేదు.

"నేనే చెప్పానయ్యా. చంటిపిల్లోడు ఉన్నాడు, చెప్పక ఏం చెయ్యను?" అంది. "కానీ అయ్యా, మా మరిది కూతుర్ని ఆటలమ్మ పోస్తే తీసుకుపోయి షెడ్డులో పెట్టారు. లేని అమ్మోరు అక్కడ వచ్చింది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఎల్లుండి దాకా చూడండి. మా పిల్లోణ్ణి మా అమ్మ ఇంటికి పంపించేస్తా. ఈళ్ళ గుమ్మం దాటి ఎవరూ బయటికి రాకుండా నేను కాపలా కూర్చుంటా." నా వైపు తిరిగి, "కూర్చునేది నిన్ను నమ్మి కాదు అబ్బాయిగారూ, ఆ పసిదాన్ని చూసి," అంది.

ఇన్‌స్పెక్టరు గారు లోపలికి వెళ్ళి పిల్ల చెయ్యి మళ్ళీ చూసి వచ్చారు. చివరికి గుమ్మానికి అడ్డంగా కర్ర కట్టించి, బడి వైపు ఎవరూ రాకూడదనీ, మా నూతి నీళ్ళు ఎవరూ తోడకూడదనీ చెప్పి, ఖాళీ బండి వెనక్కి తిప్పించారు.

నేను మోచేతి దాకా చొక్కా మడిచి, చెయ్యి తడుపుకుని, కాడ విరిచి పాలు రాసుకున్నాను. మణికట్టు చుట్టూ పట్టీ, మధ్యన గుండ్రం, అచ్చం దాని చేతి మీద గీసినట్టే గీసుకుని ఎండలో నిలబడ్డాను. అమ్మ అరుగు మీద పిల్లని ఒళ్ళో వేసుకుని విసురుతూ చూస్తోంది. లోపలికి రమ్మని పిలవలేదు.

ఆ సాయంత్రం దాకా నా చర్మం మామూలుగానే ఉంది.

బుధవారం పొద్దున లేస్తూనే దీపం దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఏమీ లేదు. నున్నగా ఉంది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. పిల్లకి జ్వరం ఎందుకు వచ్చింది? పాలకి బొబ్బలు వస్తాయి సరే, జ్వరం కూడా వస్తుందా? గడియారం గుండ్రం నేను చూశాననుకుంటున్నానా, నిజంగా చూశానా? నిజంగా మశూచే అయితే, ఊరి మధ్యలో దాన్ని ఉంచింది నా మాటే. దడి అవతల కాపలా కూర్చున్నావిడ, ఆమె చంటివాడు, అందరూ నా మాట మీద ఉన్నారు. గుడివాడలో అక్క నొప్పులు పడుతూ ఉంటుందేమో, తనకేం చెప్పాలి? గుడివాడకి కబురు పంపుదామా అని అడిగితే అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఒంటికి బొబ్బలు రావాలని దేవుణ్ణి ప్రార్థించే మనిషి ఉంటాడని నేను అంతకు ముందు అనుకోలేదు. ఆ రోజంతా నేను చేసింది అదే. మధ్యాహ్నం మణికట్టు కాస్త ఎర్రబడినట్టు అనిపించింది. గోకి గోకి ఎర్రబడిందేమో అనుకుని, చెయ్యి వీపు వెనక దాచుకుని కూర్చున్నాను.

"ఏం అబ్బాయిగారూ, నీ గడియారం నడుస్తందా?" అని దడి అవతల నుంచి చేపలావిడ అడిగింది.

"ఇంకా లేదండీ."

"కీ ఇచ్చావా?" అంది. నవ్వించడానికే అంది. తను మాత్రం నవ్వలేదు.

గురువారం తెల్లవారేసరికి మంటకే మెలకువ వచ్చింది. మణికట్టు చుట్టూ ఎర్రటి కంకణం, దాని మీద వరసగా నీటి బొబ్బలు, మధ్యలో గుండ్రం. నేను లేచి అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించాను. అమ్మ నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, పిల్ల చెయ్యి పక్కన పెట్టి చూసింది. అప్పుడు ఏడ్చింది. పిల్లకి రాత్రే చెమట పట్టి జ్వరం దిగింది. అది కళ్ళు తెరిచి, "మావయ్యకి కూడా గడియారం," అంది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి రెండు చేతులూ తిప్పి తిప్పి చూశారు. నా బొబ్బ మీద వేలితో నొక్కి, నేను అబ్బా అనేదాకా వదల్లేదు.

"అయితే మేడి కాదన్నమాట," అన్నారు.

"కాదండీ."

"ఏదో కనుక్కో. కనుక్కుని నాకు కూడా చెప్పు," అని, గుమ్మానికి కట్టిన కర్ర తన చేత్తోనే విప్పారు. వెళ్ళే ముందు మా ముగ్గురికీ టీకాలు వేయించారు.

కాలేజీ తెరిచాక చేతులకు గుడ్డ చుట్టుకుని కోసిన కొమ్మ బందరు తీసుకెళ్ళాను. లెక్చరర్ గారి బల్ల మీద పెట్టి, జరిగింది కూడా చెప్పాను. ఆయన రెండు రోజులు దాన్ని ముందేసుకుని చూసి, ఇది అంజూరమేనని తేల్చారు. అంజూరాల్లో ఆకు చీలని రకాలు కూడా ఉంటాయట. కొన్ని రకాలకి మగచెట్టు నుంచి ఒక చిన్న కందిరీగలాంటి పురుగు పుప్పొడి తెస్తేనే కాయ పండుతుందట. మన వైపు ఆ మగచెట్టూ లేదు, ఆ పురుగూ లేదు. అందుకే కాయలు ఏటా పచ్చిగా రాలిపోయేవి. పాలు ఒంటికి అంటుకుని ఎండ తగిలితే కాలుస్తాయని కూడా ఆయనే చెప్పారు. రకం పేరు మాత్రం ఆయనకు దొరకలేదు. ప్రసంగాల్లో విన్న చెట్టు కిందే నేను ఇన్నాళ్ళూ తిరిగాను. దాన్ని మేడి అని కొట్టిపారేశాను.

అది తర్వాతి మాట. కర్ర విప్పిన వారంలో చేయాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు గుడివాడ వెళ్ళాను. అక్కకి మగపిల్లాడు పుట్టి అప్పటికి రెండు రోజులు. ఆస్పత్రి వరండాలో బావకి మొత్తం చెప్పాను, "లేదమ్మా" అన్న మాటతో సహా. కొడతాడనుకున్నాను. ఆయన నా చేతి కట్టు వైపు చూసి, "ఒరేయ్ బామ్మర్దీ, గడియారం కావాలంటే నన్నడిగితే కొనిపెట్టేవాణ్ణి కదరా," అన్నాడు. అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. సాధారణంగా అక్కడ జబ్బు నయమైందనో, పడవ ఒడ్డుకు చేరిందనో చెబుతారు. నేను అబద్ధం చెప్పాననీ, ప్రార్థనలో కూడా దాచాననీ చెప్పాను. అందరూ విన్నారు. బయటికి వచ్చాక మాత్రం పిల్లని చూసి ఇద్దరు ముగ్గురు పక్కకి తప్పుకున్నారు. గుడిలో లేనివాళ్ళకి అసలే తెలియదు.

ఎక్కువ నష్టపోయింది చేపలావిడ. మశూచి ఇంటికి కాపలా కూర్చుందని ఆమె గంప వైపు ఎవరూ చూడడం లేదు. పొద్దున పోయిన గంప మధ్యాహ్నం అలాగే తిరిగి వస్తోంది. నేను వెళ్ళి ఆమె వాకిట్లో నిలబడ్డాను.

"గంప నాకివ్వండి. నేను మోస్తాను. మీరు నా వెనక రండి."

"నువ్వా? పంతులమ్మ కొడుకువి, బి.ఎస్సీ.వి. నీ మెడ ఆగుతుందా? వాసన నీకు పడుతుందా?"

"పడుతుందండీ."

ఆమె తలగుడ్డ చుట్ట చేసి నా నెత్తిన పెట్టి, దాని మీద గంప ఎత్తింది. రెండడుగులు వేయగానే నీళ్ళు కారి మొహం మీద పడ్డాయి. ఆమె పకపకా నవ్వింది. ఆ వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. ఊళ్ళో ప్రతి గుమ్మం దగ్గరా గంప దించి, చేతి కట్టు విప్పి చూపించి, ఒకటే మాట చెప్పాను. "మా ఇంట్లో వచ్చింది మశూచి కాదండీ. చెట్టుపాలు నేను పూశాను. అడిగితే అబద్ధం చెప్పాను. ఈమె తప్పేమీ లేదు." కొందరు తలుపు సగమే తీశారు. ఒకాయన చెయ్యి చూసి, "చదువుకుని నేర్చింది ఇదా," అన్నాడు. అవునండీ అన్నాను. సెలవులు అయ్యేదాకా రోజూ గంప మోశాను. రెండో వారానికి జనం చేపల కోసమే పిలవడం మొదలుపెట్టారు.

ఊరి చివరి ఇంట్లో ఒక పెద్దావిడ సావళ్ళు ఏరుకుంటూ అడిగింది, "ఇంతకీ ఆ చెట్టు పేరేంటి బాబూ?"

"తెలియదండీ," అన్నాను. "కనుక్కుని వచ్చి చెప్తాను."

బందరు నుంచి వచ్చిన మొదటి సెలవు రోజున ఆ ఇంటికే ముందు వెళ్ళాను.